ఎదుగుతున్నాడని అనకూడదు

మొన్న సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే, మా ఆడపడుచు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి నా ఎదురుగా చతికిలబడింది. ఏడో తరగతి చదువుతోంది. "వొదినా, గ్రో అంటే పెరగడమట. దీన్ని మనం దేనికి ఏటంతామో రాసుకు రమ్మన్నారు పంతులు," అంది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. బస్సు, టిక్కెట్టు, సైకిలు తప్ప నాకేం ఇంగ్లీషు వస్తుంది? అయినా మాటల దగ్గర వెనక్కి తగ్గే మనిషిని కాను కదా! "రాసుకో. వరి దుబ్బు కడతాది. గుమ్మడి తీగ సాగుతాది. దూడ ఒళ్ళు సేస్తాది. వేసిన మొక్క ఏపుగా లెగుస్తాది. మీ అన్నకి పొట్ట ముందుకొస్తాది," అన్నాను. అది పడీ పడీ నవ్వింది. ఇన్నిటికీ ఇంగ్లీషువాడికి ఒక్క మాటేనట, పాపం. నవ్వడం అయ్యాక, "మరి పిల్లలికి?" అంది. "ఎదగడం అని రాయి," అనేసి చేట పట్టుకుని లోపలికి వచ్చేశాను. పొయ్యి ముందు కూర్చున్నానే గానీ పొయ్యి వెలిగించలేదు.

మా అప్పని, అదే మా అక్కని, నరసన్నపేట అవతల ఒక పల్లెకిచ్చారు. వరి పండించుకునే ఇల్లు, తిండికి లోటు లేదు. అప్ప కొడుకు పాకే వయసులో, ఊడ్పుల రోజుల్లో, వాణ్ణి ఎత్తుకోవడానికి నన్ను పంపించారు. ఎత్తుకుంటే నడుం విరిగేది, అంత బరువు. ఆ మాటే నేను గుమ్మంలో నిలబడి పైకి అనేశాను. అప్ప అత్తగారు చేతిలో పని వదిలేసి వచ్చి, థూ థూ అని నేల మీద ఉమ్మి, "ఒలే, నీ నోటికి తాళం నేదేటే? ఏటి బరువు? ఎండు కర్రలాగున్నాడు," అని నన్ను కసిరింది. ఆ ఊళ్ళో అదీ పద్ధతి. పిల్లాడు ఎదుగుతున్నాడని ఎవరూ అనరు. చంకలో బొద్దుగా ఉన్న కొడుకుని ఎత్తుకుని కూడా ప్రతి తల్లీ "మావోడు బొత్తిగా ఎదగడం నేదప్పా" అంటుంది, కళ్ళ నిండా సంబరం పెట్టుకుని. ఎదుటి మనిషి ఆ సంబరాన్ని చూసి సంతోషిస్తుంది, మాటని వదిలేస్తుంది. అప్పకి కొత్తలో ఇది చేతకాక, పళ్ళొచ్చాయనీ లేచి నిలబడ్డాడనీ అందరికీ చెప్పి చీవాట్లు తినేది. అత్తగారు చెడ్డ మనిషి కాదు. మా బావకి ముందు పుట్టిన పిల్లలెవరూ ఆవిడకి దక్కలేదు. బాగున్నారని నలుగురి నోటా పడినవాళ్ళేనట అందరూ.

కోతలు వచ్చేసరికి అప్ప మళ్ళీ నెల తప్పింది. కడుపుతో ఉన్నదాని పాలు మంచివి కావని పిల్లాడికి పాలు మాన్పించారు. ఇంత గంజి, ఇంత మెతుకు. మధ్యలో జ్వరం తగిలి విరేచనాలు పట్టాయి. అవి తగ్గాక వాడు మునుపటివాడు కాలేదు. లేచి నిలబడేవాడు కాస్తా కూర్చోవడానికి దిగాడు, తర్వాత అదీ మానేశాడు. ఏడుపు కూడా సన్నగా, ఎవరినో బతిమాలుతున్నట్టు ఉండేది. ముఖం మాత్రం గుండ్రంగా తయారైంది. బుగ్గలు పొంగిన బూరెల్లా ఉండేవి. ఆ బుగ్గలు చూసి వీధిలోవాళ్ళు ముచ్చటపడేవారు, అత్తగారు ఉమ్మేది, మిరపకాయలు దిగదుడిచేది. ఒంటికి నీళ్ళు పోసేది అప్ప కాబట్టి, జబ్బకి కట్టిన తాయెత్తు మోచేతి దాకా జారిపోవడం అప్పే చూసింది.

ఒకరోజు నలుగురూ అరుగు మీద ఉండగా అప్ప అంది: "అత్తా, గుంటడు ఎదగడం నేదు."

అత్తగారి ముఖం వెలిగిపోయింది. "ఇన్నవా? ఇన్నాళ్ళకి మా కోడలికి పిల్లడ్ని దాసుకోడం తెలిసినాది," అని పక్కింటావిడకి చెప్పింది.

"మావోడూ అంతేనే తల్లీ, ఉత్త ఎముకలు," అంది పక్కింటావిడ.

"అలగ కాదత్తా. నిజంగానే."

"మరేటి? నిజంగానే అనాల. అలగే సెప్పు, ఎవులడిగినా."

అప్ప బావకి చెప్పింది. కళ్ళంలోంచి అలిసిపోయి వచ్చిన బావ, "మాయమ్మ నేర్పేసినాదా నీకూ?" అని నవ్వాడు. నేనూ చెప్పాను గానీ, రోజంతా వాగే దాని మాట ఎవరు వింటారు? పాలపొడి పంచే నర్సమ్మ ఊళ్ళోకి వచ్చినప్పుడు అప్ప అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. "ఏ తల్లినడిగినా ఎదగడం నేదనే సెప్తారు, మీ ఊళ్ళో పిల్లలు ఎలగ పెద్దవుతన్నారే?" అని నవ్వుతూనే ఆవిడ గుడ్డలో చుట్టిన పిల్లాడి బుగ్గ పట్టుకుని చూసింది. "ఈ బుగ్గలకి పాలపొడెందుకమ్మా, ఇంకొకరికి ఇవ్వనీ," అని పక్కకి జరిగింది. అప్ప ఇంకేదో చెప్పబోయింది. వెనకున్నవాళ్ళు తోసుకుంటూ ముందుకొచ్చేశారు.

వాడు కళ్ళు తెరవడం మానేశాక గానీ పట్నం బస్సెక్కలేదు. ఆసుపత్రిలో డాక్టరు గుడ్డ విప్పి, వాడి పాదం మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. "ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు.

"అందరికీ సెప్పినాను బాబూ," అంది అప్ప. ఆ గొంతులో కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. అత్తగారు మంచం కోడు పట్టుకుని కిందికి జారి కూర్చుండిపోయింది. తెల్లారేసరికి పిల్లాడు పోయాడు. బావ వాణ్ణి తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. నిద్రపోతున్నాడనుకున్నారేమో, బస్సులో ఎవరో కాస్త జరిగి చోటిచ్చారు.

తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అలా అనకపోవడమే నాకు భయంగా ఉండేది. మళ్ళీ ఊడ్పుల నాటికి అప్పకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బోర్లా పడే రోజుల్లో నేను మళ్ళీ వెళ్ళాను. కొళాయి దగ్గర నుంచి బిందెతో వస్తున్న పక్కింటావిడ ఆగి, "పిల్ల బాగున్నాదే," అనేసి, చప్పున నాలిక కరుచుకుంది. మేమందరం అత్తగారి వైపు చూశాం. ఆవిడ పెదాలు దగ్గరకి వచ్చాయి, ఉమ్మబోయింది. మింగేసింది. అప్ప దగ్గరకి వచ్చి, తప్పిపోయిన దారి అడిగే మనిషిలా, "ఎదుగుతన్నాదేటే అమ్మా?" అంది.

అప్ప పిల్ల చొక్కా పైకెత్తి, జబ్బలు పట్టి చూసి, "ఎదుగుతన్నాదత్తా," అంది, వీధి చివరి దాకా వినిపించేలా.

ఆ ప్రశ్న అడగడానికీ, దానికి ఉన్నమాట చెప్పడానికీ ఆ ఇంటికి పెద్ద కాలమేం పట్టలేదు. ఒక పసివాడు బతికినంత కాలం పట్టింది, అంతే.