కవర్ తీయని కంప్యూటర్లు

పేద పిల్లల కోసమని ప్రత్యేకంగా వచ్చిన నిధులతో కంప్యూటర్లు కొని, ఆ గదికి తాళం వేసి పెట్టారు. ఉప్పల్‌లో మా చెల్లెలు లావణ్య తొమ్మిదో తరగతి చదివే సర్కారు బడి సంగతి ఇది.

ఈ రోజు నాచారం ఫ్యాక్టరీలో సెలవు పెట్టి బడికి వెళ్లాను. లావణ్య నన్ను నేరుగా ఆ గది కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది.

"అన్నా, మూలకున్నది సూడు. అది నాది" అంది.

దాని మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. ఇంట్లో అట్టముక్క మీద కీబోర్డు బొమ్మ గీసుకుని టైపింగ్ నేర్చుకుంటోంది పిల్ల.

తాళం ఎందుకని హెడ్మాస్టర్ సారును అడిగాను.

"పిల్లలు ఖరాబ్ చేస్తరయ్యా. పెద్దసార్లు తనిఖీకి వస్తే కొత్తగ కనవడాలె గదా."

"అయితే పెద్దసార్లకే నేర్పుండ్రి సార్. మా పిల్లలు కిటికీల నుంచి సూస్తరు" అన్నాను.

సారు నవ్వారు. మేం మాట్లాడుతున్నంతసేపూ లావణ్య వేళ్లు కిటికీ ఊచ మీద టైపు కొడుతూనే ఉన్నాయి. ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకూ ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చోవాలనిపించింది.

మీ బడిలోనూ ఇలాంటి గది ఉంటే కింద రాయండి. సారూ, మీరూ ఇది చదువుతారని తెలుసు. సోమవారం ప్రార్థన గంటలోపు తాళం తీయండి, లేదా ఎందుకు తీయరో ఇక్కడే జవాబు ఇవ్వండి.