మధ్యాహ్నం నది దాటవద్దు

కిర్గిజ్ కొండల్లోని అలాయ్ లోయలో పై మేతభూములకు వచ్చే పరదేశులకు ఉల్కాన్ చెప్పే మాటలు ఏడెనిమిదే. మొదటి రోజు మెల్లగా నడవండి. తలనొప్పి వస్తే దాచుకోకండి, కిందికి దిగండి. ఎండిన వాగులో గుడారం వేయకండి. గుర్రం మీద నీళ్ళలోకి దిగేటప్పుడు వీపుమీది సంచి పట్టీలు విప్పి ఉంచండి. రికాబులో కాలి కొస మాత్రమే పెట్టండి. నీళ్ళకేసి కాదు, అవతలి గట్టుకేసి చూడండి. ఎండ మంచుకొండకు తగలకముందే నది దాటండి. మధ్యాహ్నం దాటవద్దు.

చివరి మాట రెండుసార్లు చెబుతుంది. ఒకసారి రష్యన్‌లో. ఒకసారి అరచేతిని మోకాలి దగ్గర పెట్టి, అక్కణ్ణుంచి గొంతు దాకా ఎత్తి.

ఆమెకు యాభై మూడేళ్ళు. కాపురానికి వచ్చిన నాటినుంచి ప్రతి వేసవీ ఈ నది ఒడ్డునే గడిపింది. జూన్‌లో మందతో ఎక్కడం, సెప్టెంబరులో దిగడం. పిడకలు చేసింది, ఆడగుర్రాల పాలు పితికింది, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి కింది ఊళ్ళకు పెళ్ళిచేసి పంపింది. భర్త మాత్కెరీమ్ పోయి పదకొండేళ్ళు. ఇప్పుడు ఆ గుడారంలో ఉండేది ముగ్గురు. ఆమె, అత్త బాత్మా, పరదేశులను గుర్రాల మీద నది దాటించే మరిది జోమార్ట్.

లోయలో ఆమెకు పిసినారి అని పేరు. అతిథులను పొద్దున్నే పంపేస్తుంది. రొట్టె తుంచి నోట్లో వేసుకోనిస్తుంది, ఒక గిన్నె టీ తాగనిస్తుంది, ఇక లేవండి అంటుంది. ఆ కొండల్లో అది చిన్న తప్పు కాదు.

"ఉల్కాన్ గుడారానికి పోతే గుర్రం దిగక్కర్లేదట. టీ రికాబు దగ్గరికే తెచ్చిస్తుందట," అనేది పక్క గుడారం సైరాగుల్.

"నీ గుడారం దగ్గర దిగినవాడు మళ్ళీ ఎక్కలేడుగా. నీ కబుర్లు అయ్యేసరికి గుర్రం ముసలిదైపోతుంది," అనేది ఉల్కాన్.

నవ్వుకునేవాళ్ళు. పేరు మాత్రం పోలేదు.

ఆ ఏడు ఆగస్టులో పోలండ్ నుంచి ఇద్దరు వచ్చారు. హలీనా, ఆమె భర్త విటోల్ద్. అరవై దాటినవాళ్ళు. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న రష్యన్ ఇంకా కొంత మిగిలి ఉంది. హలీనా నర్సు. వారం కిందట బాత్మా చెయ్యి మరుగుతున్న పాలలో కాలి చీము పట్టింది. హలీనా మూడు రోజులు పూటపూటా కట్టు విప్పి, కడిగి, మందు రాసి మళ్ళీ కట్టింది. నాలుగో రోజుకు ముసలామె వేళ్ళు కదిలాయి.

ఐదో రోజు వాళ్ళు వెళ్ళాలి. నది అవతల జీపు వచ్చి ఉంటుంది. మర్నాడు తెల్లవారుజామున ఓష్ పట్నంలో విమానం. ఏడింటికి నది దాటాలని ఉల్కాన్ ముందురోజే ఖాయం చేసింది.

పొద్దున ఆమె పాలు పితకడానికి దూరంగా గుర్రాల దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గుడారం ముందు గొర్రె తోలు పరిచి ఉంది. జోమార్ట్ మోచేతుల దాకా నెత్తురుతో కూర్చుని పేగులు వేరు చేస్తున్నాడు.

"ఎవరు కొయ్యమన్నారు?"

"అమ్మ. తలుపు ముందుకి తెచ్చి చూపించాం. ఇద్దరూ చేతులెత్తారు, మొహం తుడుచుకున్నారు. ఆయనైతే ఫొటో కూడా తీశాడు."

ఉల్కాన్ పాలకుండ కింద పెట్టింది. చేతులెత్తి, దీవించి, మొహం తుడుచుకున్న తర్వాత ఆ గొర్రె అతిథిది. అది ఉడికి, తల వాళ్ళ ముందు పెట్టి, చెవి కోసి పంచేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే ఇంటికి చావు కోరినట్టు. పరదేశులకు ఇది చెప్పాలని ఆమెకెప్పుడూ తట్టలేదు. ఆమె గుడారంలో పదకొండేళ్ళుగా అతిథికి గొర్రె కోసింది లేదు.

లోపల బాత్మా పట్టు దుప్పటి మీద కూర్చుని ఉంది.

"అత్తా, వాళ్ళు ఏడింటికి వెళ్ళాలి కదా."

"నా చెయ్యి నిలబెట్టిన మనిషి ఆవిడ. ఉత్త టీ పోసి పంపమంటావా? నీకు సిగ్గు లేకపోతే పోయె, నాకుంది."

ఆ ఎత్తున నీళ్ళు తొందరగా మరుగుతాయి గాని మాంసం ఒక పట్టాన ఉడకదు. ఉల్కాన్ పొయ్యి దగ్గరే కూర్చుంది. పిడక మీద పిడక వేసింది. ఎండ మంచుకొండ కొసను తాకింది, కిందికి పాకింది. పదింటికి నది రంగు మారింది. పన్నెండింటికి చప్పుడు మారింది. మాంసం ఒంటిగంటకు ఉడికింది. తల విటోల్ద్ ముందు పెట్టారు. ఏ ముక్క ఎవరికో జోమార్ట్ ఓపిగ్గా చెప్పి పంచాడు. రెండున్నరకు అందరూ లేచారు.

గట్టు దగ్గర నీళ్ళు బూడిద రంగులో ఉబ్బి ఉన్నాయి. అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు కాళ్ళకు తెలుస్తోంది. జోమార్ట్ మూడు గుర్రాలకూ జీన్లు వేసి పట్టీలు బిగించడం మొదలుపెట్టాడు. బాత్మా కర్ర ఊతంతో అతిథులను సాగనంపడానికి వచ్చి నిలబడింది.

"ఈ రాత్రికి ఉండిపోండి. రేపు పొద్దున దాటుదురు గాని," అంది ఉల్కాన్ రష్యన్‌లో.

"విమానం మాకోసం ఆగదమ్మా," అన్నాడు విటోల్ద్. "పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉన్నాను, ఎప్పుడు బయల్దేరతామని. కూర్చోండి, కూర్చోండి అన్నది మీవాళ్ళే."

హలీనా నదికేసి చూసింది. 

"జోమార్ట్, వద్దు. ఆ బండల చప్పుడు విను."

"వింటూనే ఉన్నా వదినా. నీకు ఆ చప్పుడు రాత్రింబగళ్ళు వినపడుతుంది. నీ భయం నాకర్థమవుతుంది గానీ, నా ఒంట్లో చుక్క లేదు. గుర్రం మంచిది. తాగని వాణ్ణి ఈ నది ఏమీ చెయ్యదు."

లోయ అంతా అనుకునేది అదే. మాత్కెరీమ్ తాగి నదిలో దిగాడు, పోయాడు. ఆ రోజు గట్టు మీద ఖాళీ సీసా ఒకటి దొరికింది. అది అతను దాటిస్తున్న అతిథులది. వాళ్ళిద్దరూ బతికి బయటపడి, ఎవరికీ తెలియని భాషలో ఏడ్చి వెళ్ళిపోయారు. మూడు రోజులకు శవం దిగువన ఇసుకలో తేలింది. సీసాను చూసి ఎవరో ఒక మాటన్నారు, పదిమంది తలూపారు. ఏటేటా అతని పేర రొట్టెలు వేయించి ముల్లాను పిలిస్తే, ప్రార్థన సగంలోనే ముగించి లేచేవాడు. ఉల్కాన్ ఎప్పుడూ నోరు విప్పలేదు.

జోమార్ట్ మొదటి గుర్రం పట్టీ బిగించి రెండో దాని దగ్గరికి వెళ్ళాడు.

"మీ అన్న తాగలేదు," అంది ఉల్కాన్.

"ఏంటి?"

"ఆ రోజు ఒక్క చుక్క ముట్టలేదు. ఎనిమిదింటికే బయల్దేరతానన్నాడు. గుర్రాలకి జీన్లు కూడా వేశాడు. నేనే ఆపాను."

జోమార్ట్ చెయ్యి పట్టీ మీదే ఆగింది.

"గొర్రె కోసేశాం కదా. పొయ్యి మీద మాంసం ఉంది. నది ఆగదు ఉల్కాన్, అన్నాడు. ఉడక్కుండా పంపిస్తే రేపు నేను తలెత్తుకు తిరగాలా వద్దా అన్నాను. నలుగురూ చూస్తున్నారు, జీన్లు తియ్యి, పరువు తియ్యకు అన్నాను. తీశాడు. మూడింటికి దిగాడు. ఇవే నీళ్ళు."

 ఆమె కిర్గిజ్ భాషలో చెప్పిందేమిటో పరదేశులకు తెలియదు. విటోల్ద్ గడియారం చూసుకున్నాడు.

"తాగలేదా," అన్నాడు జోమార్ట్.

"లేదు."

"నాకు ఇప్పుడా చెప్పడం?"

"నువ్వు దిగిపోతున్నావు కాబట్టి చెప్పాను. లేకపోతే చెప్పేదాన్ని కాదు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత రెండో గుర్రం పట్టీ విప్పాడు. మొదటి దానిదీ విప్పాడు. మూడో గుర్రాన్ని కళ్ళెం పట్టుకుని గుడారం వైపు నడిపించాడు. వదినా అనలేదు. ఆ రోజు నుంచి ఎప్పుడూ అనలేదు.

విటోల్ద్ అరిచాడు. విమానం అన్నాడు, టిక్కెట్లు అన్నాడు, మాట ఇచ్చారు కదా అన్నాడు. నాలుగింటికి పై గుడారం కాపరి ఒకడు తన మగగుర్రం మీద అదే రేవులో దిగాడు. నీళ్ళు జీను దాకా వచ్చాయి. గుర్రం ఒకసారి పక్కకు కొట్టుకుపోయి, మళ్ళీ నిలదొక్కుకుని అవతలికి ఎక్కింది. విటోల్ద్ వేలు పెట్టి చూపించాడు.

"చూశారా? దాటాడుగా!"

 ఆ మనిషి నిజంగానే దాటాడు.

మర్నాడు ఐదున్నరకు జోమార్ట్ వాళ్ళను తీసుకెళ్ళాడు. నీళ్ళు గుర్రాల మోకాళ్ళు దాటలేదు. హలీనా వెళ్ళేముందు బాత్మా చేతి కట్టు మార్చి, మిగిలిన మందు ఉల్కాన్ చేతిలో పెట్టింది. విటోల్ద్ వెనక్కి తిరిగి చూడలేదు.

గుడారంలో అత్తా కోడళ్ళే మిగిలారు. ఉల్కాన్ టీ పోసి అందించింది. బాత్మా గిన్నె అందుకోలేదు.

"ఆ రోజు పొయ్యి దగ్గర నేను లేను," అంది ముసలామె. "జోమార్టూ నేనూ కింద ఊళ్ళో ఉన్నాం. ఉంటే నాకు తెలిసేది."

"అవునత్తా."

"వాడు తాగాడని నేను కూడా నమ్మాను. కన్నతల్లిని. వాడి సమాధి దగ్గర కూర్చుని తిట్టాను. నువ్వు పక్కనే ఉన్నావు. విన్నావు."

"విన్నాను."

"ఏమీ అనలేదు నువ్వు."

"అనలేదు."

పొయ్యిలో పిడక విరిగి పడింది. బాత్మా కర్రతో దాన్ని లోపలికి తోసింది.

"ఈ గట్టున ఎన్ని గుడారాలున్నాయి?"

"తొమ్మిది."

"అయితే వెళ్ళు. ప్రతి గుడారానికీ వెళ్ళు. నిన్న గట్టున చెప్పినట్టే చెప్పు. ఒక్క మాట తగ్గించినా నాకు తెలుస్తుంది. అది అయ్యాక కింద ఊరు."

ఉల్కాన్ తలగుడ్డ బిగించి కట్టుకుని బయటికి వచ్చింది. మొదట సైరాగుల్ గుడారానికి వెళ్ళింది. సైరాగుల్ ఏదో హాస్యమాడబోయి ఆమె మొహం చూసి ఆగింది. మొత్తం విన్నది. తర్వాత, "అయ్యో, ఆ మనిషిని మేం ఎన్నెన్ని మాటలన్నాం," అంది. కూర్చోమనలేదు.

రెండో గుడారంలో మగవాళ్ళున్నారు. వాళ్ళు విని నేలకేసి చూశారు. మూడో గుడారంలో ముసలివాడొకడు ఆమె చెప్పింది రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నాలుగో గుడారానికి వెళ్ళేసరికి వార్త ఆమెకన్నా ముందే చేరింది. తలుపు తడిక దించి ఉంది. లోపల మనుషులున్నట్టు తెలుస్తోంది. ఎవరో పిల్లని ఊరుకోమంటున్నారు. ఉల్కాన్ తడిక ఎత్తలేదు. బయటే నిలబడి, లోపలివాళ్ళకు వినపడేలా గొంతు పెంచి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.