వదిన తీసుకున్న ఒక్కపొద్దు

పోయిన శుక్రవారం పొద్దున మా వదిన పోయింది. మా వదినంటే మా ఆయనకు అక్క. ఇడ్లీ తినింది, చెయ్యి కడుక్కునింది, వాకిట్లో కుర్చీలో ఆనుకునింది, అంతే. నేను పళ్ళెం లోపల పెట్టి వచ్చేలోపల అయిపోయింది. కదిర్కామం ఆస్పత్రికి పోదామా, ముందు ఆటో పిలుద్దామా అని నేను కొట్టుకుంటావుంటే పక్కింటామె వచ్చి ముక్కుదగ్గర వేలు పెట్టి చూసి, "ఇంక తొందర లేదక్కా" అనింది.

మూడేండ్లుగా నాకు ఒకటే భయం. ఆమె మంచాన పడి, అన్నం నీళ్ళు దిగక, నెలలకు నెలలు కష్టపడితే నేను చూడగలనా అని. ఆ భయమంతా వట్టిదైపోయింది. మీరు తప్పుగా అనుకోవద్దు, ఏడుపుకంటే ముందు నాకు వచ్చింది నిమ్మళమే.

నేను చదివింది మూడో తరగతి. తెలుగు అక్షరాలు మా నాయన పలకమీద దిద్దించినవి. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదువుకోండి. ఆమె గురించి చెప్పాలంటే నాకు ముందుగా ఒక తెల్ల పిల్లోడు గుర్తుకొస్తాడు.

మా వదినకు ముప్పైయేండ్లకే మొగుడు పోయినాడు. తమ్ముడింటికి వచ్చి, ముందుగదిలో పిండిమర పెట్టి, వీధి వీధికంతా బియ్యం పిండి ఆడించి ఇచ్చింది. ఏది చేతికి వచ్చినా రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేది. పిండి అంతే, చీర అంతే. మా ఆయన పోయినాక, కొడుకులు వేరే ఊళ్ళల్లో ఉంటే, ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. నేను ఏదన్నా గాబరా పడితే, "భయపడేది నీ పని, చేసేది నా పని. ఎవరి పని వాళ్ళు చూసుకుందాం" అనేది.

ఆరేడేండ్ల కిందట మా మేడమీద గది ఖాళీగా ఉంటే, ఇద్దరు పిల్లోళ్ళు అద్దెకు అడగడానికి వచ్చినారు. తెల్లచొక్కా, మెడకు టై, జేబుమీద నల్లచీటీ. ఒకడు రాజమండ్రి అబ్బాయి. ఇంకొకడు అమెరికావాడు, మన దేశంలో దిగి రెండు రోజులే అయింది. మోర్మన్ మతంవాళ్ళంట, రెండేండ్లు ఇల్లు విడిచి ఊరుగాని ఊళ్ళో దేవుడి పని చెయ్యాలంట. తెల్ల పిల్లోడికి పంతొమ్మిదేండ్లు. జేబుమీది చీటీలో పేరుకు ముందు 'ఎల్డర్' అని ఉంది. అంటే పెద్దాయన అని రాజమండ్రి అబ్బాయి చెప్పినాడు. "ఈ పెద్దాయనకు మీసం ఎప్పుడు మొలుస్తుందో" అనింది వదిన.

నేను ఆమెను లోపలికి పిలిచి, "వద్దు వదినా, మనల్ని వాళ్ళ మతంలో కలిపేసుకుంటే?" అన్నాను.

"యాభై ఏండ్లుగా మురుగన్‌ని మొక్కతావుండాను. మీసం రాని బిడ్డ వచ్చి మార్చేస్తాడా? అట్ల మారితే నా భక్తి యాడ ఉన్నట్టు?"

"పోలీసులు వచ్చి అడిగితే?"

"నిన్ను ముందు నిలబెడతా. నీ భయం చూసి వాళ్ళే పారిపోతారు."

అట్ల వచ్చినారు. వాళ్ళకు కట్టుబాట్లు మెండు. ఒకడు లేకుండా ఇంకొకడు వీధి దాటడు. మగవాళ్ళు లేని ఇల్లని మా గడప లోపలికి రారు, ఏం మాట్లాడినా అరుగుమీదే. కన్నతల్లితో ఫోన్లో మాట్లాడేది ఏడాదికి రెండుసార్లే. ఈ మాట విన్నప్పటినుంచి నాకు ఆ తల్లి మీదే ధ్యాస. ఈ పిల్లోడికి ఇక్కడ ఏమన్నా అయితే ఆమెకు ఏమని చెప్పేది, ఎవరు చెప్పేది?

మొదటి రోజు వదిన డబరా గ్లాసులో కాఫీ తీసుకుపోయింది. పిల్లోడు రెండు చేతులూ అడ్డం పెట్టినాడు. సరేనని టీ పెట్టింది. దానికీ అడ్డం పెట్టినాడు.

"మేం కాఫీ టీలు తాగకూడదండి, అమ్మమ్మగారూ" అన్నాడు రాజమండ్రి అబ్బాయి.

"కాఫీ లేదు, టీ లేదు. ఏందిరా, మీయమ్మ మిమ్మల్ని పచ్చినీళ్ళు పోసి పెంచిందా?" అనింది వదిన. ఆ మాట వాడు ఇంగ్లీషులో చెబితే తెల్ల పిల్లోడు నవ్వినాడు. వాడు నవ్వడం మేం చూసింది అదే మొదలు. ఆ సాయంత్రం నుంచి వదిన జీలకర్ర నీళ్ళు కాచి చెంబుతో మెట్లమీద పెట్టేది.

అవి కత్తిరి ఎండలు, నడివేసవి. నాలుగోరోజుకు పిల్లోడికి కడుపు చెడింది. వాంతులు, బేదులు. ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. మధ్యాన్నాలు మేడమీద నుంచి ముక్కు చీదే చప్పుడు వినిపించేది. ఏడస్తావుండాడని నాకు తెలుసు, వదినకూ తెలుసు.

ఆదివారం పొద్దున జీలకర్ర నీళ్ళ చెంబు పెట్టింది పెట్టినట్టే ఉంది. కాఫీ కూడదు, టీ కూడదు, ఇప్పుడు ఇది కూడా కూడదని ఎవరో చెప్పినారేమో అనుకుని చెంబు తీసి లోపల పెట్టేసినాను. ప్రతిదానికీ గుండె బాదుకునేదాన్ని, బాదుకోవాల్సిన రోజున ఊరుకున్నాను. ఇది నేను ఇప్పటికీ మరిచిపోలేను.

మధ్యాన్నం ప్రార్థన నుంచి సైకిళ్ళు తొక్కుకుంటా వచ్చినారు. తెల్ల పిల్లోడు సైకిల్ దిగి, గోడ పట్టుకుని, అట్లనే అరుగుమీదికి వాలిపోయినాడు. "అమ్మమ్మగారూ!" అని రాజమండ్రి అబ్బాయి కేక పెట్టినాడు. వదిన తెల్ల పిల్లోడి చెయ్యిమీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ముడత పడింది పడినట్టే నిలిచింది. నేను పరుగున పోయి ఉప్పూ చక్కెర కలిపి నీళ్ళు తెచ్చినాను. వాడు పెదవులు బిగించి తల తిప్పుకున్నాడు.

"ఏందిరా ఇది, నీళ్ళు కూడా కూడదా?" అనింది వదిన.

"నెలలో మొదటి ఆదివారం మాకు ఉపవాసమండీ. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టం. జబ్బుగా ఉన్నవాళ్ళకు అక్కర్లేదని నేను పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నానండీ. వినడంలేదు."

"ఎందుకు వినడు?"

"ఇక్కడే ఉండాలా, ఇంటికి పోవాలా చెప్పమని దేవుణ్ణి అడుగుతున్నాడండీ. సాయంత్రందాకా ఉపవాసం నిలబెడితే తెలుస్తుందంటాడు. మధ్యలో చెడిపోతే చేతకానివాడిగా ఇంటికి పోవడమేనంట."

"ఆస్పత్రికి పోదాం వదినా, ఈ బిడ్డకు ఏమన్నా అయితే వాళ్ళమ్మకు ఏం చెప్తాం" అని ఏడుపు మొదలుపెట్టినాను. వదిన నావైపు చూడను కూడా చూడలేదు. "ఆటో తెచ్చేలోపల వీడి గొంతులో నీళ్ళు దిగాల" అని పిల్లోడి పక్కన చతికిలబడింది.

మా ఇండ్లల్లో ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటాం. మొక్కుకుని ఒక్కపొద్దు ఉన్నవాళ్ళకు మధ్యలో ఒళ్ళు చెడితే, ఇంట్లో ఇంకొకరు దాన్ని తీసుకోవచ్చు. ఉన్నవాళ్ళు తీసుకునేవాళ్ళ అరచేతిలో నీళ్ళు పోస్తే చాలు, మొక్కు చెడదు. నా పెద్దకొడుకు కడుపులో ఉన్నప్పుడు మురుగన్‌కి ఒక్కపొద్దున్న ఒక కృత్తిక నాడు నాకు కళ్ళు తిరిగితే, నా ఒక్కపొద్దు వదినే తీసుకునింది. అదే ఇప్పుడు రాజమండ్రి అబ్బాయికి చెప్పి, "వాడికి చెప్పు, నా చేతిలో పొయ్యమను" అని అరచెయ్యి చాపింది.

"మా దాంట్లో అలా లేదండీ" అన్నాడు వాడు తటపటాయిస్తా.

"మీ దాంట్లో లేకుంటే మా దాంట్లో ఉంది. ఇల్లు నాది గదా. నీ అండీలు పక్కన పెట్టి చెప్పు."

చెప్పినాడు. తెల్ల పిల్లోడు కళ్ళు తెరిచి ఆమెను చూసి, గొంతు రాక రాక ఏదో అన్నాడు. రాజమండ్రి అబ్బాయికి నవ్వొచ్చేసింది. "పొద్దున మీరు దోసెలు తిన్నారంటండీ. వాసన పైదాకా వచ్చిందంట. మీకు ఎలా చెల్లుతుందని అడుగుతున్నాడు."

"అబ్బ, ప్రాణం పోతావుంటే కూడా వీడికి న్యాయం కావాల! సరే, వీడిమాదిరి సాయంత్రం దాకా కాదు, రేపు ఇదే వేళ దాకా ఉంటానని చెప్పు. దేవుడు ఏం చెప్పాల్నో నాకు చెప్తాడు, నేను వీడికి చెప్తా."

పిల్లోడు ఆ అరచేతిని చూసినాడు. కంటికొనల నుంచి నీళ్ళు చెవులదాకా కారినాయి. గ్లాసు వంచి నాలుగు చుక్కలు పోసినాడు. వదిన పిడికిలి మూసుకునింది. "ఇంక ఇది నాది. నువ్వు తాగు" అనింది.

తాగినాడు. గుటకగుటకకూ నా గుండె కుదుటపడింది. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయినారు, మందు ఇచ్చి పంపినాడు. సాయంత్రానికి గంజి తాగి నిద్రపోయినాడు.

తర్వాత నాకు వదిన గురించి భయం పట్టుకునింది. "అరవై దాటినదానివి, వాడికి తెలుస్తుందా ఏమన్నా, రెండు మెతుకులు తిను" అంటే, "వాడికి తెలీదు. నాకు తెలుస్తుంది గదా" అనింది. తను తినని ఆ రెండుపూటల అన్నం పొట్లం కట్టి, కురుచికుప్పం నుంచి చేపల గంపతో వచ్చే ఆమెకు ఇచ్చేసింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ పిల్లోడు ఇంటికి పోలేదు. అయిదు నెలలు మా మేడమీద ఉన్నాడు, తర్వాత ఇంకో ఊరికి మార్చినారు, రెండేండ్లూ పూర్తి చేసుకునే పోయినాడంట. దేవుడు ఏం చెప్పినాడని రాజమండ్రి అబ్బాయిని నేను ఒకసారి అడిగినాను. "ఏం చెప్పలేదంటండీ. అమ్మమ్మగారు తినకుండా ఉన్నంతసేపూ ఇంటికి పోవాలన్న తలపే రాలేదంట. వాళ్ళమ్మకు అదే రాశాడు" అన్నాడు. ఆ తల్లికి ఆ ఉత్తరం చేరిందని తెలిసిన రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ ఆదివారం మరుసటి రోజు, సోమవారం, వాళ్ళకు బట్టలుతుక్కునే రోజు. మధ్యాన్నం అదే వేళకు పిల్లోడు తడిచేతులతోనే కిందికి వచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. వాడు లోపలికి రాడు గాబట్టి వదిన ఆకు తెచ్చి అరుగుమీదే వేసుకునింది. నేను అన్నం పెట్టి రసం పోసినాను. "ఏందిరా అట్ల చూస్తావు, దిష్టి తగలదా?" అంటానే ఆమె మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకునింది. తర్వాత ఇంకొకటి. పిల్లోడు కదలకుండా చూస్తావుండాడు. బిడ్డకు తినిపించే తల్లి మాదిరి, ఆమె చెయ్యి పైకి లేచినప్పుడల్లా వాడి నోరు కొంచెం కొంచెంగా తెరుచుకుంటా ఉండింది.