తాళాల తాత సొంత తలుపు

మా పాత వీధి అందం చెడకూడదని, బిల్డర్లు ఇళ్ళ ముందు గోడలూ తలుపులూ మాత్రం ఉంచి, వెనకదంతా పడగొట్టి టవర్ లేపారు. వాళ్ళ దృష్టిలో వీధంటే తలుపులే కాబోలు.

తుప్పు పట్టిన తాళాలు బాగుచెయ్యడానికి తాళాల తాతను పిలిపించారు. ఎవరి తాళం మొరాయించినా మాకు ఆయనే దిక్కు. ఒక్కో తలుపూ తీసి, నూనె వేసి, వెనకున్న సిమెంటు గోడ వైపు చూడకుండా మూసేస్తూ చివరి తలుపు దగ్గర ఆగాడు. అది ఆయన ఇల్లే.

"దీని తాళంచెవి ఉందా తాతా?" అని అడిగాడు సూపర్‌వైజర్.

"లేదు బాబూ. నాకెప్పుడూ అవసరం పడలా."

నిజమే. ఆయన సందు మొదట్లో దగ్గితే చాలు, అవ్వ వచ్చి గడియ తీసేది. ఖాళీ చేసిన రోజు తాళం వేసిందీ ఆవిడే. తాళంచెవి ఎక్కడ పెట్టిందో చెప్పకుండానే అద్దెగదిలో కన్నుమూసింది.

తాత తాళంలో తీగ పెట్టబోయి ఆగాడు. తలుపు వైపు చూస్తూ ఒకసారి దగ్గాడు.

సూపర్‌వైజర్ మంచినీళ్ళ సీసా అందించాడు.