మావయ్య పికప్పు ఆగడం నేర్చుకున్న వైనం

ఆ రోజుల్లో బందరు నుంచి గుడివాడ దాకా కాలవ పక్కన రోడ్డు, రోడ్డు పక్కన కాలవ. ఎత్తూ పల్లం లేని నేల. బండి అంటూ ఒకసారి కదిలాక దాన్ని మధ్యలో ఆపవలసిన పని పెద్దగా ఉండేది కాదు. ఎదురొచ్చేవి ఎడ్లబండ్లు, సైకిళ్లు, లోకంలో ఏ తొందరా లేని గేదెలు. హారను వినపడగానే అన్నీ పక్కకు తప్పుకునేవి (గేదెలు మాత్రం ముందు మనకేసి ఒకసారి చూసి, ఆలోచించుకుని తప్పుకునేవి). అందుకనే మా చిన్న మావయ్య దగ్గరున్న పాత పికప్పుకు బ్రేకులు సరిగా లేవన్న సంగతి చాలా ఏళ్లపాటు ఎవరికీ లోపంగా తోచలేదు. తర్వాత నేను పత్రికలో చేరి, ‘బ్రేకులు ఫెయిలైన కారణంగా’ అన్న ముక్క లెక్కలేనన్నిసార్లు రాశాను. ప్రమాద వార్త రాస్తూ నవ్వకూడదు గానీ, ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి మావయ్య గుర్తొచ్చి కలం కాస్త ఆగేది. ఆయన బండికి ఆ భయమే లేదు. ఫెయిలవడానికి ముందు ఉండాలి కదా.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన బండ్లలో అదొకటి. చేతులు మారి మారి పెడనలో మావయ్య వాకిట్లోకి చేరింది. పొద్దున్నే పెడన నేతగాళ్ల దగ్గర లుంగీల మూటలు, అద్దకం దుప్పట్ల మూటలు ఎక్కించుకుని గుడివాడ వెళ్లడం, సాయంత్రం అక్కణ్ణుంచి ఏది దొరికితే అది వేసుకుని రావడం. బియ్యం బస్తాలు, పెళ్లివారి కావిడిపెట్టెలు, ఒకసారి నాటకాలవాళ్ల సింహాసనం కూడా (దాని మీద వాళ్ల రాజుగారు బీడీ కాలుస్తూ కూర్చుని వచ్చారు). దాని బ్రేకులు ఇనపకడ్డీల రకం. కాలితో తొక్కితే కడ్డీలు లాగాలి, లాగితే నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టాలి. మా బండిలో మటుకు ఎడమవైపు ముందు చక్రం ఒక్కటే పట్టేది. అది పట్టగానే బండి మూతి కాలవ వైపు తిరిగేది. అందుకని మావయ్య ఒక సిద్ధాంతం ఏర్పరచుకున్నాడు. “ఒరేయ్ అల్లుడూ, బ్రేకు తొక్కితే కాలవలో ఆగుతాం. తొక్కకపోతే రోడ్డు మీద ఆగుతాం. ఏది మేలో నువ్వే చెప్పు” అనేవాడు.

ఆ ఏడు నేను బి.ఏ. పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ మావయ్యతో తిరుగుతున్నాను. కవుతరంలో ఆగాలంటే ఊరికి చాలా ముందే, కల్వర్టు దగ్గర మావయ్య యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేవాడు. గేరు తగ్గించేవాడు. బండి మెల్లగా, ఇంకా మెల్లగా, చివరికి ముసలాయన నడిచినట్టు నడుస్తూ ఊళ్లోకి వచ్చేది. అప్పుడు నేను ఫుట్‌బోర్డు మీంచి దూకి, ముందుకు పరిగెత్తి, చక్రం కింద చెక్కదిమ్మ పెట్టేవాణ్ణి. ఒక్క మాటలో చెప్పాలంటే ఆ వేసవిలో ఆ బండికి బ్రేకు నేనే. డిగ్రీ చదివినందుకు ఇంతకన్నా బాధ్యతగల ఉద్యోగం ఆ తర్వాత కూడా నాకు దొరకలేదు.

ఊళ్లవాళ్లూ దీనికి బాగా అలవాటు పడ్డారు. కల్వర్టు దగ్గర్నుంచే ఒకరొకరుగా బండి పక్కన నడుస్తూ చెప్పుకోవలసినవి చెప్పుకునేవారు. “మావయ్యగారూ, గుడివాడలో మా వియ్యంకుడు కనపడితే అమ్మాయిని దశమికి పంపమనండి!” అని ఒకాయన. “పంపకపోతే నేనే వస్తానని కూడా అనండి!” అని ఆయన భార్య. దారిలో ఎక్కే చేపల పిన్ని అని ఒకావిడ ఉండేది. గంప తలమీంచి తీసి నడిచే బండిలోకి ఒడుపుగా విసిరి, వెనకే తనూ ఎగిరి కూర్చునేది. ఏనాడూ ఒక్క చేప కింద పడలేదు. “ఆగిన బండి ఎక్కడానికి పిన్ని కావాలా, ఎవరైనా ఎక్కుతారు” అనేది.

ఇలా సాగుతుండగా కొత్త బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. పెడన దాటాక రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తారు. మావయ్య ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టి, “ఆపుతున్నానండీ” అంటూ ఆయన్ని దాటి వెళ్లిపోయాడు. నేను దూకి దిమ్మ పెట్టేసరికి ఇన్‌స్పెక్టరుగారు దూరంగా చిన్న బొమ్మలా కనపడుతున్నారు. నడిచి వచ్చారు పాపం, మండే వేసవి ఎండలో.

“ఎక్కడ ఆపమన్నాను?”

“అక్కడేనండీ. కాస్త ముందుకొచ్చింది.”

“కాస్తా? ఈ నడక నడిస్తే నాకు పొద్దుటి ఫలహారం అరిగిపోయింది.” ఆయన చక్రం కింది దిమ్మని చూశారు, నన్ను చూశారు. “ఇదిగో, బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు గడువు ఈ నెలాఖరుతో సరి. బందరులో సున్నంతో గీత గీయిస్తాను. నిండు లోడుతో వచ్చి గీత మీద ఆపండి, సంతకం పెడతాను. ఆపలేకపోతే ఈ బండిలో కోళ్లను పెంచుకోండి.”

ఆ రాత్రి అన్నం దగ్గర మావయ్య మెతుకులతో కంచంలో గీత గీస్తూ కూర్చున్నాడు. గుడివాడ ఆసామి ఒకాయన కొత్త వ్యాను కొన్నాడనీ, అప్పుడే నేతగాళ్లని పలకరిస్తున్నాడనీ అత్తయ్యే చెప్పింది. బండి ఒక్క వారం వాకిట్లో నిలబడితే మూటలన్నీ ఆ వ్యాను ఎక్కుతాయి. ఇక మళ్లీ దిగవు. మావయ్యకు ఆ స్టీరింగు తప్ప ఇంకో విద్య తెలియదు. నేను గొంతు సవరించుకున్నాను. బందరు లైబ్రరీలో మోటారు పుస్తకం ఒకటి బొమ్మలతో సహా చదివి ఉన్నానాయె. “మావయ్యా, కడ్డీలు తీసిపారేసి ఆయిలు బ్రేకులు పెట్టిద్దాం. కాలితో తొక్కితే గొట్టాల్లో నూనె నాలుగు చక్రాల్నీ ఒకేసారి నొక్కుతుంది. ఆ పూచీ నాది” అన్నాను.

“కనపడే కడ్డీనే నేను నమ్మలేదు. కనపడని నూనెని నమ్మమంటావా?”

“పుస్తకంలో ఉంది మావయ్యా.”

“పుస్తకం రాసినాయన కవుతరం వచ్చాడా?” అని అడిగాడు గానీ, మర్నాడు పొద్దున్నే బండి గుడివాడ తీశాడు.

గుడివాడలో రంగూన్ బాబాయి అని మెకానిక్కు. యుద్ధానికి ముందు రంగూన్‌లో గవర్నరు కారు తనే చూసేవాణ్ణని చెప్పేవాడు (చెప్పిన ప్రతిసారీ కారు రంగు మారేది). నా పథకం వినగానే “అబ్బాయి చెప్పింది నిజమే. నేనూ అదే చెబుదామనుకుంటున్నా” అన్నాడు. అదే కంపెనీ తర్వాతి మోడలు వ్యాను ఒకటి ఆయన షెడ్డు వెనక పడి ఉంది. దాని ఆయిలు బ్రేకుల సామాను మనకి అతుకుతుందన్నాడు.

“ఆ వ్యానుకేమైంది?” అన్నాడు మావయ్య.

“కాలవలో పడింది.”

“కాలవలో పడ్డ బండి బ్రేకులు నాకా?”

“బ్రేకులదేం తప్పు లేదు బావా, డ్రైవరు నిద్రపోయాడు. నిద్రపోతే గవర్నరు కారైనా పడుతుంది.”

పని మొదలైంది. ముందు పాతదాన్ని బాగుచేయాలి కదా అని చక్రాలు విప్పి డ్రమ్ములు ఊడదీస్తే లోపల ఊక, బురద, ఒకదాంట్లో కందిరీగల గూడు. చక్రాన్ని ఒరుసుకుని ఆపే లైనింగు పట్టీలు మూడు చక్రాల్లో అరిగి రివిట్లు బయటపడ్డాయి. డ్రమ్ములు నునుపు చేయించి కొత్త లైనింగు కొట్టించాం. తర్వాత కడ్డీలన్నీ ఊడదీసి, పెడలు కింద నూనె సిలిండరు బిగించి, అక్కణ్ణుంచి చక్రాలకు సన్న రాగి గొట్టాలు లాగాం. వాషర్లు, రబ్బర్లు బెజవాడ నుంచి కొత్తవి తెప్పించాం. ఇక మిగిలింది గొట్టాల్లోని గాలి తీయడం. గాలి ఉన్నంతకాలం పెడలు మెత్తటి దిండులా దిగిపోతుంది. నేను సీట్లో కూర్చుని తొక్కాలి, రంగూన్ బాబాయి చక్రం దగ్గర పడుకుని సన్న రబ్బరు గొట్టంతో నూనెను గాజుసీసాలోకి వదలాలి. “తొక్కు... పట్టు... పట్టమన్నానా! ...ఇప్పుడు ఒదులు.” సీసాలో బుడగలు వస్తున్నంతసేపూ ఇదే పాట. షెడ్డు ముందు జనం పోగయ్యారు. బండి పక్కన మనిషి, గొట్టం, సీసా చూసి ఒకాయన “ఏమండీ, బండికి గ్లూకోజు ఎక్కిస్తున్నారా?” అని నిజంగానే జాలిపడ్డాడు. మావయ్య వేలితో నూనె తాకి వాసన చూసి, “ఇందులో ఆముదం వాసనొస్తోందేవిట్రా? ఆమాత్రానికి మీ అత్తయ్య దగ్గర డబ్బాడుంది కదా!” అన్నాడు. సాయంత్రానికి బుడగలు ఆగాయి. పెడలు రాయిలా నిలిచింది. నా మీద నాకు గొప్ప గౌరవం కలిగింది.

రోడ్డు మీదికి తీసుకెళ్లి మావయ్య భయంభయంగా మొదటిసారి తొక్కాడు. పికప్పు ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోయింది. వెనకున్న ఖాళీ డబ్బా ఒకటి క్యాబిన్ను దాటి ముందుకెళ్లి పడింది. మావయ్య దిగి, బండి ముందు ఏమైనా ఉందా అని వంగి చూసి వచ్చాడు. “ఇది ఆగడం కాదురా, ఏమీ లేకుండానే దేన్నో గుద్దుకోవడం” అన్నాడు.

తిరుగుప్రయాణంలో కవుతరంలో మా వాళ్లు మామూలుగానే పక్కన నడక మొదలుపెట్టారు. మావయ్య సరదాకి బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. వాళ్లు ఆగలేదు. మాట్లాడుకుంటూ కొంతదూరం ముందుకెళ్లి, పక్కన బండి లేదని గమనించి వెనక్కి తిరిగారు. చేపల పిన్ని ఖాళీ గంపని లెక్క ప్రకారం బండి ఎక్కడుండాలో అక్కడికే విసిరింది. అక్కడ బండి లేదు. గంప దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. “నా గంప! ఏవయ్యా, చెప్పొద్దా ఆగుతానని?” అని ఆవిడ అరిచిన అరుపు గుడ్లవల్లేరు దాకా వినపడి ఉంటుంది. ఆ తర్వాత అందరూ ఆగిన బండి చుట్టూ నిలబడ్డారు గానీ ఎవరికీ మాటలు రాలేదు. వియ్యంకుడి కబురు పంపే ఆయన కూడా “ఏం లేదులెండి, తర్వాత చెబుతా” అని వెళ్లిపోయాడు.

పరీక్ష రోజు వచ్చింది. బందరులో కోర్టు దగ్గరి వెడల్పాటి రోడ్డు మీద తెల్లగా సున్నపు గీత. నిండు లోడు అన్నారు కాబట్టి బట్టల మూటలు, వాటి మీద మా నేతగాళ్లు, కొత్త గంపతో చేపల పిన్ని. నేను ఫుట్‌బోర్డు మీద, పుస్తకం రాసినవాడిలా. మావయ్య బండి తీశాడు. కాలు ఆయన మాట వినలేదు. గీత ఇంకా ఎంతో దూరం ఉండగానే, కవుతరం కల్వర్టు అనుకుందేమో, యాక్సిలరేటరు మీంచి లేచిపోయింది. బండి మెల్లగా, ఇంకా మెల్లగా వచ్చి గీతకు చాలా ఇవతలే నిలబడిపోయింది. రెండోసారీ అంతే.

ఇన్‌స్పెక్టరుగారు మళ్లీ నడిచి వచ్చారు. “దీనికి బ్రేకు ఉందా, లేక అలిసిపోయి ఆగుతోందా?”

“ఉందండీ, మా అల్లుడు పెట్టించాడు.”

“అయితే అది నాకు చూపించండి” అని ఆయనే టోపీ సవరించుకుని క్యాబిన్‌లో మావయ్య పక్కన కూర్చున్నారు. “నేను చెప్పేదాకా కాలు తియ్యకండి.”

మూడోసారి. మావయ్య మెడ మీద చెమట నాకు ఫుట్‌బోర్డు మీంచి కనపడుతోంది. బండి గీత మీదికి వస్తోంది (వేగం అంటే మరీ వేగం కాదు, గట్టిగా తొక్కే సైకిలువాడు పోటీ పడగలడు). “ఆపండి!” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. మావయ్య కళ్లు మూసుకుని తొక్కాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టాయి. మూతి ఎటూ తిరగలేదు. ముందుచక్రాలు సరిగ్గా సున్నం మీద, ముగ్గులో కాలు పెట్టినట్టు నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టరుగారి టోపీ మాత్రం తెరిచి ఉన్న ముందద్దంలోంచి ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ ఆగడమంతా తర్వాత మావయ్య చెప్పగా తెలిసింది. నేను చూడలేదు. ఎందుకంటే “ఆపండి” అన్న మాట చెవిన పడగానే నా ఒళ్లు నన్ను అడగకుండా దిమ్మ చంకన పెట్టుకుని దూకేసింది. ముందుకు పరిగెత్తి, గీత దాటి, చక్రం ఎప్పుడూ వచ్చే చోటు చూసుకుని, వంగి, దిమ్మని రోడ్డు మీద శ్రద్ధగా ఆనించి పట్టుకున్నాను. ఎంతసేపటికీ చక్రం రాలేదు. తలెత్తి చూస్తే నా పక్కనే చేపల పిన్ని, గంపతో సహా. ఆవిడా అలవాటుగా దూకేసింది. ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం.

ఇన్‌స్పెక్టరుగారు దిగి, నెమ్మదిగా నడిచొచ్చి, నా కాళ్ల దగ్గర టోపీ తీసుకుని దులుపుకున్నారు. వంగి దిమ్మని చూశారు.

“ఇది ఎవరికి బాబూ?”

నేను దిమ్మని వీపు వెనక్కి దాచాను. పిన్నే చెప్పింది. “ఆయిలు బ్రేకు పెట్టించింది ఈ అబ్బాయేనండీ.”

ఆయన మావయ్య వైపు తిరిగారు. “బ్రేకు పాసు. కుర్రవాడు ఫెయిలు” అని అక్కడే సంతకం పెట్టారు. మూటల మీది నేతగాళ్లు ఈలలు వేశారు. మావయ్య నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు నాకు కాస్త రోషం వచ్చిన మాట నిజమే గానీ, గుడివాడ వ్యానుకు మా మూటలు ఒక్కటీ వెళ్లలేదు.

ఆ బ్రేకులు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పనిచేశాయి. గుడివాడ సెంటర్లో, రైలు గేటు దగ్గర మావయ్య దర్జాగా తొక్కేవాడు. కవుతరంలో మాత్రం మళ్లీ కల్వర్టు దగ్గరే కాలు తీసేసేవాడు. “బ్రేకుందిగా మావయ్యా?” అంటే, “ఉంటే? వాళ్లు చెప్పుకోవాల్సినవి చెప్పుకోవద్దూ?” అనేవాడు. బండి మెల్లగా నడిచేది, పక్కన వాళ్లూ నడిచేవారు, వియ్యంకుడికి మళ్లీ కబుర్లు వెళ్లాయి. దిమ్మ సీటు కింద అలాగే ఉండేది.

ఇప్పుడు ఎప్పుడైనా ఆ దారిన బస్సులో వెళ్తుంటే, కల్వర్టు రాగానే నేను లేచి సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడతాను. కండక్టరు ప్రతిసారీ, “స్టాపు ఇంకా చాలా దూరం ఉందండీ, కూర్చోండి” అంటాడు. కూర్చుంటాను. బస్సు మాత్రం దడదడా వెళ్లి గీత గీసినట్టు ఆగుతుంది, ఎవరూ ఎవరితోనూ ఏమీ చెప్పకుండానే దిగిపోతారు. నేనూ దిగుతాను. దిగాక ఒక్క క్షణం చక్రం వైపు చూస్తాను. చేతిలో ఏమీ లేదు గానీ, వంగబోయి, నవ్వుకుని, నడుము పట్టుకుని లేచి నడుస్తాను.