వాగు దిగుడు దగ్గర నిలబడ్డ మేస్త్రి

గురజాలలో మా మిషను ఆసుపత్రి గోడను ఆనుకుని ఉన్న షెడ్డులో ఇరవై ఏళ్లు లారీలు బాగుచేసిన మేస్త్రి గారు పోయిన గురువారం ఉదయం చనిపోయారు. నెల రోజులుగా ఆయాసంతో మంచం పట్టి ఉన్నారు. ఆ ఆసుపత్రిలో నర్సుగా పూటపూటా మందు ఇచ్చింది నేనే కనుక, మనసు సిద్ధంగానే ఉందనుకున్నాను. ఆయన భార్య మా వాకిట్లోకి వచ్చి, "నర్సమ్మా, ఇంక నువ్వు రానక్కర్లా" అన్నప్పుడు మాత్రం చేతిలోని సీసా బల్ల మీద పెట్టి అలాగే కూర్చుండిపోయాను.

ఆయన ముసల్మాను, మేము క్రైస్తవులం. ఆదివారం మా గుడిలో ఆరాధన జరిగినంతసేపూ షెడ్డులో సుత్తి చప్పుడు వినిపించేది కాదు. అలా చేయమని ఎవరూ అడిగింది లేదు. ఒకసారి నేను ఆ మాట ఎత్తి కృతజ్ఞత చెప్పబోతే, "మీ పాటలు అయ్యిందాకా నట్లు బిగిస్తా, ఆనక రేకులు కొడతా. పని ఆగదులే" అన్నారు.

దూరం తిరిగి వచ్చిన లారీ షెడ్డు ముందు ఆగగానే ఆయన నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి, చేతిని తిరగేసి, వేళ్ల వెనక భాగం దగ్గరగా పెట్టి చూసేవారు. పసిపిల్లల నుదురు మేము అలాగే చూస్తాం. ఏం చూస్తున్నారని అడిగితే, "జొరం ఏ చక్రానికొచ్చిందో చూస్తన్నా" అన్నారు. బ్రేకు వదలకుండా పట్టుకుని ఉన్న చక్రం మిగతావాటి కన్నా వేడిగా ఉంటుందట.

యుద్ధం రోజుల్లో బ్రేకు నూనె దొరక్కుండా పోయింది. ఒక రోజు గిన్నెలో ఆముదం పట్టుకుని వచ్చి, అందులో కలపడానికి స్పిరిటు కావాలన్నారు. నేను కాస్త అనుమానంగా చూశాను. స్పిరిటు కోసం వచ్చేవాళ్లు ఎందుకు వస్తారో మాకు తెలియనిది కాదు. "నీ చేత్తోనే కలుపు. మిగిల్తే నువ్వే తాగు" అన్నారు. డాక్టరమ్మ గారిని అడిగి నేనే కొలిచి పోశాను. ఇంజన్ నూనె పోస్తే బ్రేకుల లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయట. ఆముదంతో ఆ బాధ లేదు.

యుద్ధం ముగిశాక, మిలిటరీ వాళ్లు అమ్మేసిన పాత లారీ ఒకటి మా ఊరి షావుకారు గారు కొన్నారు. దానికి మా పెద్దబ్బాయి డ్రైవరు. నాపరాళ్లు ఎత్తుకుని మాచర్ల రైలు స్టేషనుకు తోలేవాడు. రెండేళ్ల కిందట ఒక ఉదయం, ఆ దారిలో రోడ్డు ఏటవాలుగా వాగులోకి దిగే చోట, వాగు దిగుడు దగ్గర, లారీ ఆగలేదు. రోడ్డు తప్పి మిరప చేలోకి దూసుకుపోయి గట్టుకు కొట్టుకుంది. రాళ్ల మీద కూర్చున్న హమాలీకి కాలు విరిగింది. ఆ కాలికి కట్టు కట్టేటప్పుడు నేను అతని ముఖంలోకి చూడలేకపోయాను.

"పెడల్ రాయైపోయిందమ్మా. రెండు కాళ్లతో తొక్కినా దిగలా" అన్నాడు మా వాడు. కానీ ఆ లారీనే షెడ్డు దాకా నడుపుకొస్తే బ్రేకులు చక్కగా పట్టాయి. షావుకారు గారు పదిమందిలో అన్నారు: "బండి బానే ఉంది. వీడే తాగి తోలుంటాడు. బ్రేకులో లోపం లేదని మేస్త్రి అన్నాడంటే పోలీసులకి అప్పజెప్తా. లైసెన్సూ పోద్ది."

మా వాడు తాగడు. ఆ సంగతి నాకు తెలుసు, దేవుడికి తెలుసు. మేము ఇద్దరం చెబితే చాలదని కూడా తెలుసు.

మేస్త్రి గారు రెండు రోజులు ఆ లారీని వదల్లేదు. ఆయన కింద పడుకుని చక్రాలు చూస్తుంటే ఫిట్టర్లు పైన పెడల్ తొక్కేవారు. రెండో రోజు సాయంత్రం నేను వెళ్లి, ఏమైనా కనిపించిందా అని అడిగాను.

"నూనె కారట్లా. గొట్టాల్లో గాలి లేదు. కప్పులు బాగున్నయ్. నాకే అర్థం గావట్లా" అన్నారు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. "ఏదో ఒక గొట్టం చిరిగిందని చెప్పండి మేస్త్రి గారూ. మీ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు." రోజూ వాక్యం చదివే నోటితోనే అన్నాను.

ఆయన కోప్పడలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "గొట్టం కొయ్యడానికి ఎంతసేపమ్మా? అసలు లోపం తెలవకపోతే రేపు ఇంకొకడి లారీ ఆడనే పడుద్ది. వాడి తల్లికి నేనేం చెప్పను?" అన్నారు. గుడ్డ పక్కన పడేసి, "నువ్వు ఎక్కి పెడల్ తొక్కు" అన్నారు.

"నేనా?"

"మా ఫిట్టర్లు ఎనుబోతులు. బలమున్నోడి కాలికి తేడా తెలవదు."

చీర సర్దుకుని ఎక్కాను. ఇంజన్ ఆగి ఉంది. మొదటిసారి పెడల్ మెత్తగా దిగింది. రెండోసారి కొంచెం గట్టిగా తగిలింది. మూడోసారి ఎంత తొక్కినా కదల్లేదు. "రాయైపోయింది మేస్త్రి గారూ" అన్నాను. అన్నాక అది మా వాడి మాటేనని గుర్తొచ్చింది.

"కాలు తియ్యమాక" అంటూ ఆయన నా పక్క నుంచి చెయ్యి చాపి ఇంజన్ స్టార్టు చేశారు. ఎవరో పట్టుకుని దించినట్టు, నా పాదం కింద పెడల్ తనంతట తానే లోపలికి దిగింది.

ఆయన వెంటనే మా వాణ్ణి పిలిచారు. "దిగుడులో ఇంజన్ ఆపావా?"

"ఆపా మామా. పెట్రోలు మిగులుద్దని నువ్వే గదా నేర్పింది."

నిజమే. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చిన రోజుల్లో ఈ దారిన తోలే డ్రైవర్లందరికీ ఆయనే ఆ అలవాటు నేర్పారు. పాత లారీల బ్రేకులు కాలి బలం మీదే నడిచేవి కనుక ఇంజన్ ఆపినా తేడా ఉండేది కాదు. ఈ మిలిటరీ బండికి వాక్యూమ్ డబ్బా ఉంది. ఇంజన్ గాలి పీల్చుకుంటుంటే, ఆ పీల్చే బలంతో అది కాలికి తోడు వస్తుంది. ఇంజన్ ఆగితే ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా బలమే మిగులుతుంది. అన్నాళ్లూ మా వాడికి అదే సరిపోయింది, ఆ ఉదయం మూడోసారి తొక్కాల్సి వచ్చింది. మా ప్రాంతంలో అలాంటి బండి అదే మొదటిది. ఎవరికీ తెలియలేదు.

మర్నాడు షావుకారు గారి ముందు, హమాలీల ముందు నన్ను మళ్లీ ఎక్కించారు.

"ఒరేయ్, నర్సమ్మ సూదులు మానేసి లారీ తోలతందిరా" అన్నాడు గుంపులో ఒకడు.

"రేపు జొరమొస్తే ఆమె కాడికే పోవాల. నోరు ముయ్యి" అన్నారు మేస్త్రి గారు.

అంతా చూపించాక షావుకారు గారితో అన్నారు: "పిల్లోడు తాగలా. ఇంజన్ ఆపమని నేర్పింది నేను. అప్పజెప్పేదుంటే నన్ను అప్పజెప్పండి."

షావుకారు గారు వంగి ఆ పెడల్‌ను చేత్తో నొక్కి చూశారు. "ఇంకెంతమందికి నేర్పావు?" అని మాత్రం అడిగారు.

"ఈ దారిన తోలే అందరికీ."

పోలీసుల మాట మళ్లీ రాలేదు. మా వాడి పని నిలిచింది. షావుకారు గారు మాత్రం ఏడాది పాటు తన బండిని వేరే షెడ్డుకు పంపారు. మేస్త్రి గారు దానికి నొచ్చుకున్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. హమాలీ కాలు అతుక్కుంది. అతను తిరిగి పనిలోకి వచ్చిన రోజు నుంచి మా వాడు అతన్ని రాళ్ల మీద కూర్చోనివ్వడం లేదు, తన పక్కనే కూర్చోబెట్టుకుంటాడు.

ఆ తర్వాత అలాంటి మిలిటరీ బండ్లు మా దారిన ఇంకా వచ్చాయి. చాలా నెలలు మేస్త్రి గారు తెల్లవారి నమాజు కాగానే సైకిలు మీద వాగు దిగుడు దాకా వెళ్లి, రోడ్డు మధ్యలో నిలబడి వచ్చిన లారీనల్లా ఆపేవారు. మా వాడు చూసి వచ్చి చెప్పేవాడు.

"ఏంది మేస్త్రీ, దారికి అడ్డం పడ్డావు? చావాలనుందా?" అనేవారట డ్రైవర్లు.

"నువ్వు బతకాలని ఉంది. ఇంజన్ ఆపమాక. నేను చెప్పింది తప్పు" అనేవారట ఆయన.

ఇరవై ఏళ్లు గురువుగా మర్యాద పొందిన మనిషి ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అని ఉంటారో. మా గుడిలో తప్పు ఒప్పుకోవడం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ రోడ్డు మీద ఆయన నిలబడ్డ సంగతి విన్నాకే నాకు అది పూర్తిగా అర్థమైంది.

ఆయన పోయాక వచ్చిన శనివారం, మాచర్ల నుంచి మందులు తెచ్చుకోవడానికి మా వాడి లారీలోనే వెళ్లాను. దిగుడు దగ్గర మా ముందు లారీలో ఒక కొత్త డ్రైవరు ఉన్నాడు. వేరే ఊరివాడు, మేస్త్రి గారిని చూసి కూడా ఉండడు. ఏటవాలు మొదలయ్యే చోట గేరు తగ్గించాడు. ఇంజన్ గుర్రుమంటూ ఉండగా నిండు లోడుతో నెమ్మదిగా దిగి, వాగు దాటి, అవతలి గట్టు ఎక్కుతూ దుమ్ములో కలిసిపోయాడు.