పదిహేనేళ్ల గ్యాప్

మా ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎవరైనా ఏదైనా అడిగితే నిజంగానే చెప్తారు.

నౌకాదళంలో యుద్ధ విమానాల మెకానిక్‌గా పదిహేనేళ్లు చేసి బయటికి వచ్చేనాటికి ఆయనకి ముప్పై నాలుగు. గోవా క్వార్టర్స్ ఖాళీ చేసి మధురానగర్‌లో రెండు గదుల ఇంట్లో దిగాం. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమని అందరూ అన్నారు. మెట్రో స్తంభాల కోసం తవ్విన గోతుల పక్కనుంచి, తనని అంకుల్ అని పిలిచే పిల్లల మధ్య కూర్చోడానికి రోజూ వెళ్లేవారు. ఉద్యోగం రాకపోతే కాకినాడ పోవాల్సిందే. అక్కడ మా అన్నయ్య తన రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్ పని సిద్ధంగా ఉంచి, ఫోన్ చేసినప్పుడల్లా గుర్తుచేస్తున్నాడు. చెరువు పని అంటే నాకేం నామోషీ లేదు. అన్నయ్య ముందు మా ఆయన చేతులు కట్టుకుని నిలబడితే మాత్రం నేను చూడలేను.

కోర్సు బాగానే అయింది. తంటా అంతా ఇంటర్వ్యూల్లోనే. "ఇంతకుముందు ఏం చేసేవారు?" అని మర్యాదకి అడుగుతారు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చు కదా. ఈయన మార్కర్ అందుకుని బోర్డు మీద విమానాలు దిగే ఓడ బొమ్మ గీసేవారట. మొదట్లో ఉన్న హారియర్ విమానాలు నిలువుగా దిగేవని, తర్వాత వచ్చిన మిగ్‌లు తోక కింది కొక్కెంతో ఓడ మీది ఉక్కు తీగని పట్టుకుని ఆగుతాయని, ఒకే విమానం గాలిలో పోట్లాడాలి, నేల మీదా ఓడల మీదా బాంబులు వేయాలి, అవసరమైతే ఇంకో విమానానికి ఆకాశంలోనే ఇంధనం పోయాలని, ఉప్పుగాలికి ఇట్టే తుప్పు పడుతుంది కాబట్టి ప్రతి మరనీ తుడవాలని. ఒకమ్మాయి "ఓడ మీద ఎయిర్‌పోర్ట్ ఉంటుందా సార్?" అని అడిగిందట. దానికీ వివరంగా జవాబు చెప్పి, ఉద్యోగం సంగతి అడగకుండా ఇంటికి వచ్చేశారు.

"అవన్నీ ఎందుకండీ వాళ్లకి?" అన్నాను.

"అడిగారు కదా మరి," అన్నారు.

చివరికి పంజాగుట్టలో ఒక కన్సల్టెన్సీకి నేనే వెంటపెట్టుకుని వెళ్లాను. అక్కడి నడివయసు మనిషి రెజ్యూమె చూసి పెదవి విరిచాడు.

"అన్నా, గిది పదిహేనేండ్ల గ్యాప్."

"గ్యాప్ కాదండీ, సర్వీసు," అన్నారు ఈయన.

"సాఫ్ట్‌వేర్‌ల గ్యాపే గద. గా షిప్పు ముచ్చట జర పక్కకు పెట్టు. టెస్టింగ్‌ల మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఏస్తున్న. బెంగళూర్‌ల కంపెనీ, మూతబడ్డది. అంతకుముందు బిజినెస్. ఫికర్ చెయ్యకు, అందరు గిట్లనే పోతున్నరు."

మా ఆయన నా వైపు చూశారు. కాకినాడ గుర్తొచ్చి నేను తల ఊపాను.

ఆ తర్వాత వంటింట్లో నేనే ఇంటర్వ్యూలు చేశాను. "బెంగళూరులో మీ ఆఫీసు ఎక్కడండీ?" అని అడిగేదాన్ని. విమానం గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి, లేని ఆఫీసు గురించి ఒక్క ముక్క రాదు. విసుగొచ్చి గరిటె గిన్నెలో పడేసేదాన్ని. ఎలాగో బట్టీ పట్టించాను. బేగంపేటలో ఒక కంపెనీ తీసుకుంది.

ఉద్యోగమైతే వచ్చింది గానీ మనిషి మూగబోయారు. నోరు జారుతుందేమోనని ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడరు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పైన విమానం చప్పుడైనా తలెత్తరు. అన్నేళ్లూ ఇంక ఆపండి మహాప్రభో అని మొత్తుకున్న నాకే ఆ నిశ్శబ్దం ప్రాణం మీదికి వచ్చింది.

ఒక ఆదివారం తన టీమ్ లీడ్‌ని భోజనానికి పిలిచారు. వరంగల్ వైపు మనిషి, మంచివాడు. హాల్లో మా ఆయన మిగ్ పక్కన నిలబడ్డ ఫోటో ఉండేది. దాన్ని తీసి మంచం కిందికి తోసేశాను. వడ్డిస్తుంటే టీవీ వార్తల్లో ఓడ మీద విమానం దిగుతూ కనిపించింది.

"గివి మస్తుంటయ్ అన్నా," అన్నాడు లీడ్. "హెలికాప్టర్ లెక్క సీదా కిందికి దిగుతయ్. పైలట్‌కు కష్టమే లేదు."

మా ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ "అవునా సార్," అన్నారు.

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

"అదేం కాదండీ," అన్నాను, సాంబారు గరిటె పట్టుకునే. "నిలువుగా దిగేవి పాతవి. ఇది పరుగున వచ్చి దిగుతుంది. నాలుగు తీగలుంటాయి, కొక్కెం ఏదో ఒకదాన్ని పట్టుకోవాలి. చక్రాలు ఆనగానే పైలట్ ఇంజను తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. తీగ దొరక్కపోతే ఓడ అంచు దాటేలోపు మళ్లీ లేవాలి కదా. కష్టం లేదంటారేంటి?"

లీడ్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. "మీకెట్ల తెలుసు వదినా?"

అప్పుడు గానీ నేనేం వాగానో నాకు తెలియలేదు. "టీవీలో చూశానండీ," అన్నాను. అతను నమ్మాడు. వదిన మస్తు హుషారున్నరని నవ్వి, మళ్లీ అన్నం కలుపుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

"నాలుగు కాదు, మూడు," అన్నారు మా ఆయన.

వద్దని కళ్లతో సైగ చేశాను. చూస్తేనా. "నాలుగుండేది వేరే దేశాల పెద్ద ఓడల మీద. మనదాని మీద మూడే. రెండోది దొరికితే మంచి ల్యాండింగ్," అంటూ లేచి, ఎడమ చేత్తో మంచం కింది ఫోటో లాక్కొచ్చి లీడ్ ముందు పెట్టారు. ఎన్నాళ్ల తర్వాతో విన్నాను ఆ గొంతు.

లీడ్ కంచం పక్కకి జరిపి ఫోటో మీదికి వంగాడు. "అంటే అన్నా, గా బెంగళూర్ కంపెనీ?"

"అది లేదు సార్. ఉన్నది ఇదే."

సోమవారం ఉద్యోగం పోయింది. పైవాళ్లకి చెప్పక తప్పలేదని లీడ్ ఫోన్ చేసి బాధపడ్డాడు. ఆ ఫోటోకి హాల్లో మళ్లీ మేకు కొట్టారు మా ఆయన, ఘనకార్యం చేసినట్టు. ఆ సుత్తి లాక్కుని దేన్ని కొట్టాలో నాకు తెలియలేదు.

ఇంతలో, సంగతి ఎవరి ద్వారా తెలిసిందో, అన్నయ్య ఫోన్. "ఇప్పటికైనా వస్తారా?" అన్నాడు.

"రాం అన్నయ్యా," అన్నాను. "మా ఆయన పదిహేనేళ్లు యుద్ధ విమానాలు చూసుకున్నారు. ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటారు."

ఆ ముక్క పైకి గట్టిగా అనడం నాకదే మొదలు. గర్వంగానే ఉంది.

హాల్లోంచి మా ఆయన అన్నారు: "పదిహేను కాదు, ట్రైనింగ్‌తో కలిపి పదహారు."